వానాకాలం అడవి మేత, మంద దారి: హక్కును ఎక్కడ అడగాలి, ఎవరి పేరున అడగాలి?

ప్రశ్న: పాలమూరు కాపరి

మాది పాలమూరు మెట్ట ప్రాంతంలోని ఒక ఊరు. మేము కురుమలం, మా వాడలో గొర్రెలు లేని ఇల్లు అరుదు. పంటలు చేలల్లో ఉన్నన్నాళ్లూ మందను ఊరి చుట్టూ తిప్పడం కుదరదు కనుక, తొలకరి పడి విత్తనాలు వేసిన తర్వాత నల్లమల వైపు తోలుకుపోయి, వరికోతలు అయ్యాక ఆయకట్టు పొలాలకు దిగి, అడిగిన రైతుల చేలల్లో మంద కట్టి, మళ్లీ ఇంటికి చేరడం తాతల నాటి నుంచి మా పద్ధతి. మంద కట్టిన చేనుకు ఎరువు దక్కుతుంది, మాకు గింజలో డబ్బులో ముడతాయి.

ఇప్పుడు ఈ దారి ఎక్కడికక్కడ తెగిపోతోంది. మా ఊరి బంచరాయిలో (పశువుల మేతకు విడిచిన ఉమ్మడి భూమిలో) కొంత భాగం మొక్కలు నాటి కంచె వేశారు, కొంత ఇళ్ల స్థలాలకు పోయింది. అడవి అంచుకు చేరితే మందను ఆపుతున్నారు. పోయిన వానాకాలం దారిలో ఒకచోట జరిమానా అని చెప్పి డబ్బు తీసుకున్నారు, రసీదు అడిగితే ఇవ్వలేదు. అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు కూడా ఉందని విన్నాను. అయితే ఆ అడవి మా ఊరిది కాదు, మేము అక్కడ ఏడాదిలో కొన్ని నెలలే ఉంటాము, పైగా మేము గిరిజనులం కాము. ఇన్ని కానివాటి మధ్య మాకు హక్కు ఎలా వస్తుంది?

ఇంకొక సంగతి కూడా అడగాలి. మా అన్న చనిపోయిన తర్వాత ఆ మందను మా వదినే చూసుకుంటోంది. కానీ గొర్రెల పెంపకందారుల సంఘంలో సభ్యత్వం ఇప్పటికీ అన్న పేరునే ఉంది. టీకాల పట్టికలోనూ, బీమా కాగితంలోనూ, ఎక్కడా ఆమె పేరు లేదు. రేపు హక్కు వచ్చినా అది మగవాళ్ల పేర్ల మీదే ఆగిపోతుందేమోనని నా భయం. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: హక్కుపత్రం

కాపరి గారూ, మీరు చెప్పిన కానివాటిలో ఏదీ మీ హక్కుకు అడ్డం కాదు. అయితే ప్రతిదానికీ చట్టంలో వేరువేరు చోట్ల సమాధానం ఉంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(డి)లో సామూహిక హక్కుల కింద మేతను స్పష్టంగా పేర్కొంది. ఒకచోట స్థిరపడినవారి మేతనే కాక, కాలాన్ని బట్టి తరలిపోయే మందల మేతను కూడా, సంచార, పశుపోషక సమూహాలు సంప్రదాయంగా వాడుకుంటున్న వనరులను కూడా అదే నిబంధనలో చేర్చింది. అంటే ఏడాదిలో కొన్ని నెలలే వస్తారన్నది మీ దరఖాస్తును తిరస్కరించడానికి కారణం కాజాలదు, చట్టం గుర్తిస్తున్నదే అటువంటి వాడకాన్ని. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఈ చట్టం దృష్టిలో అటవీ భూమిలోకే వస్తాయి.

మీరు గిరిజనులు కారు కనుక 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' అన్న వర్గంలోకి వస్తారు. 2005 డిసెంబరు 13కు ముందు కనీసం మూడు తరాలుగా, తరానికి 25 ఏళ్ల చొప్పున 75 ఏళ్లుగా, ఆ అడవిలో ప్రధానంగా నివసిస్తూ జీవనోపాధికి దాని మీద ఆధారపడినట్లు చూపాలి. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. నివసించడం అంటే అడవి లోపలే ఇల్లు కట్టుకుని ఉండడం అని అర్థం చేసుకోనక్కరలేదని, నిజమైన జీవనావసరాలకు అడవి మీద ఆధారపడేవారు బయట ఉంటున్నా అర్హులేనని గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2008 జూన్‌లోనే వివరణ ఇచ్చింది. ఆ వివరణ ప్రతిని మీ దరఖాస్తుకు జతచేయండి.

ఇక అసలైన చిక్కు గ్రామసభ దగ్గర వస్తుంది. హక్కును నిర్ణయించే ప్రక్రియ గ్రామసభలో మొదలవ్వాలి, గ్రామసభ అంటే ఆ ఊరి వయోజనులందరూ. మీరు మేపే అడవి వేరే ఊరి పరిధిలో ఉంటుంది, ఆ సభలో మీకు ఓటు లేదు. ఒక ఊళ్లో ఉండి ఒక పొలం దున్నేవాడిని మనసులో పెట్టుకుని తయారుచేసిన ప్రక్రియలో, పది ఊళ్లు దాటిపోయే మందకు చోటు ఇరుకుగానే ఉంటుంది. అయినా 2008 నియమాల్లోనూ, 2012 సవరణల్లోనూ కొన్ని దారులు పెట్టారు. పశుపోషకుల, సంచార తెగల దరఖాస్తులను వాళ్లు గానీ వాళ్ల ప్రతినిధులు గానీ హాజరైన సమయంలోనే పరిశీలించాలని 12వ నియమం చెబుతోంది. మీరు ఆయకట్టులో ఉన్న నెలలో అడవి అంచు ఊళ్లో విచారణ పెట్టి, ఎవరూ రాలేదని రాసి మూసివేస్తే అది నియమానికి విరుద్ధం. ఒకే అడవిని ఒకటి కంటే ఎక్కువ గ్రామసభలు వాడుకుంటుంటే ఆ ఊళ్ల అటవీ హక్కుల కమిటీలు కలిసి కూర్చుని తేల్చాలని అదే నియమం చెబుతోంది. సంబంధిత గ్రామసభల ముందు పశుపోషకుల చేత దరఖాస్తులు వేయించే బాధ్యతను 2012 సవరణ జిల్లా స్థాయి కమిటీ మీద పెట్టింది. జిల్లాల సరిహద్దు దాటే దరఖాస్తులను పక్క జిల్లాతో సమన్వయం చేసుకోవలసింది కూడా ఆ కమిటీయే. కాబట్టి మీ మొదటి వినతి ఒక ఊరి సర్పంచికి కాకుండా, ఆ కమిటీకి అధ్యక్షులైన కలెక్టరుకు వెళ్లాలి. అందులో మంద దారిలో వచ్చే ఊళ్లన్నిటి పేర్లూ, ఏ నెలలో ఎక్కడ ఉంటారో ఆ వివరమూ ఉండాలి.

దరఖాస్తు వేయవలసింది సామూహిక హక్కులకు ఉద్దేశించిన ఫారం-బిలో. సాక్ష్యాలుగా పాత అటవీ వర్కింగ్ ప్లాన్లు, గెజిటీర్లు, సర్వే పటాలు పనికివస్తాయి. దరఖాస్తుదారులు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాసి సమర్పిస్తే అదీ సాక్ష్యమే. ఇళ్లలో పాత పుల్లరి (అడవిలో మేతకు వసూలు చేసిన పన్ను) రసీదులు ఉంటే వెతికించండి. పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చింది ఆ పుల్లరికి ఎదురు నిలిచే. ఆనాడు జనాన్ని పీడించిన పన్నుకు చెందిన రసీదే ఈనాడు మనం అక్కడ మేపుకున్నామనడానికి ప్రభుత్వం తన చేత్తో రాసిన రుజువు అవుతుంది.

రసీదు లేకుండా తీసుకున్న డబ్బు గురించి ఒక మాట. జరిమానా అన్నది రాతపూర్వకంగా, నేరమేదో పేర్కొని, రసీదుతో వసూలు చేయవలసినది. ఇకపై ఎక్కడ ఆపినా తేదీ, స్థలం, మందలోని జీవాల సంఖ్య, అడిగిన మొత్తం వెంటనే రాసి పెట్టుకుని, ఆ వారంలోపే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేవరకు అర్హులైనవారిని వారి స్వాధీనంలోని అటవీ భూమి నుంచి ఖాళీ చేయించరాదని సెక్షన్ 4(5) చెబుతోంది. మేత విషయంలో దీన్ని ఎంతవరకు వర్తింపజేస్తారన్నది వాదించి తేల్చుకోవలసిన విషయమే అయినా, దరఖాస్తు వేసి దానికి రసీదు చేతిలో ఉంచుకున్నవారి మాటకు బలం ఎక్కువ.

జవాబు: సేత్వార్

పై జవాబు అడవికి సంబంధించినది. బంచరాయి సంగతి వేరు, అది రెవెన్యూ భూమి కనుక అక్కడ అటవీ హక్కుల చట్టం పనిచేయదు.

తెలంగాణలో 1317 ఫసలీ (క్రీ.శ. 1907) నాటి భూమి రెవెన్యూ చట్టం, పశువుల మేత కోసం ప్రభుత్వ భూమిని ప్రత్యేకించే అధికారాన్ని కలెక్టరుకు ఇచ్చింది. పాత రికార్డుల్లో గైరాన్ అని కనిపించేది అదే. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానికి వేరే అవసరం లేని మేత పోరంబోకులు, కళ్లాలు, పశువులు నిలిచే చోట్లు, శ్మశానాలు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. మీరు చేయవలసింది, సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (సాగు, స్వాధీనం వివరాల రికార్డు), గ్రామ నక్ష (పటం) నకళ్లు తీసుకుని, ఆనాడు మేతకు విడిచిన సర్వే నంబర్లు ఏవో, వాటి విస్తీర్ణం ఎంతో, ఈనాటి రికార్డులో వాటి ఎదురుగా ఏమి రాసి ఉందో ఒక కాగితం మీద పక్కపక్కన పెట్టడం. నకళ్లు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈ కాగితం లేకుండా 'మా బంచరాయి పోయింది' అంటే ఏ కార్యాలయంలోనూ చెవిన పెట్టరు.

ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించే పథకాలు రూపొందించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు మీకు బలమే. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా ఊళ్లలో మేత భూమిలోంచి దళిత కుటుంబాలకు, భూమి లేని పేదలకు అసైన్‌మెంట్ పట్టాలు ఇచ్చారు. ఇచ్చినప్పుడు గొల్ల కురుమలను అడగలేదన్నది నిజమే, కానీ అది పట్టా పొందినవారి తప్పు కాదు. వాళ్ల ఎకరం లాక్కోమని మనం దరఖాస్తు పెట్టడం న్యాయం కాదు, మంచిదీ కాదు. పదుల ఎకరాలు కలుపుకుని కంచె వేసుకున్నవారిని, మేత నంబరును వెంచరుగా మార్చినవారిని ముందు చూపించండి.

మొక్కలు నాటిన భాగం గురించి మాత్రం ఊళ్లోనే మాట్లాడుకోవచ్చు. గొర్రెకు అందనంత ఎత్తు మొక్క పెరిగాక ఆ కంచె ఎందుకు? ఎన్నేళ్లకు తెరుస్తారో, ఆలోగా ప్రత్యామ్నాయ మేత ఎక్కడో గ్రామసభ తీర్మానంలో రాయించుకోండి.

సోలార్ పార్కుల చుట్టుపక్కల ఉన్నవారు మరింత తొందరపడాలి. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల పార్కుకు వేల ఎకరాలు కంచె లోపలికి వెళ్లాయి. సత్యసాయి జిల్లా నంబులపూలకుంటలోనూ పెద్ద పార్కే వచ్చింది. 2013 భూసేకరణ చట్టంలో భూమి లేకపోయినా ఫలసాయం మీద హక్కున్న కుటుంబాన్ని బాధిత కుటుంబంగా లెక్కించే నిర్వచనం ఉంది, కానీ కాపరి అన్న మాట అందులో విడిగా లేదు. కొలతలు మొదలుకాకముందే 'ఇది మా మంద దారి' అని రాతమూలకంగా అభ్యంతరం పెట్టకపోతే, తరువాత ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

జవాబు: పెనుకొండ ఉన్ని

అన్నా, మీ వదినగారి గురించి మీరు చివర్లో రాశారు, నేను దాన్నే మొదట తీసుకుంటాను. మాది కురుబ కుటుంబం, అనంతపురం వైపు. మా ఇళ్లలో మంద వెంట పోయేది ఎక్కువగా మగవాళ్లే, కానీ మందను నిలబెట్టేది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. నడవలేని గొర్రెపిల్లలు, ఈనబోయే గొర్రెలు, కుంటివి, జబ్బువి ఇంటి దగ్గర దొడ్డిలోనే ఉంటాయి. వాటికి ఆకు కోసుకురావడం, తల్లి చనుబాలు చాలని పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయడం, చిటుక రోగం తగిలిందని నడకను బట్టి కనిపెట్టడం ఆడవాళ్ల పని. నల్ల ఉన్నిని ఏకి, కదురు మీద వడికేదీ ఆడవాళ్లే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగుకు పట్టించే గంజి కోసం చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి కాచేది మా అమ్మే. ఆ గంజి చిక్కదనం కుదరకపోతే నూలు తెగిపోయి కంబళి నేయడమే సాగదు. ఇంత చేసినా కంబళి అమ్మినప్పుడు వచ్చే డబ్బుకు గానీ, మందకు గానీ ఆమె యజమాని అని ఏ కాగితమూ చెప్పదు.

చట్టం విషయంలో ఒక తేడా గమనించాలి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం, పెళ్లయినవారికి హక్కును భార్యాభర్తలిద్దరి పేరునా కలిపి నమోదు చేయాలి. ఒంటరిగా కుటుంబాన్ని నడుపుతున్న మహిళ ఉంటే ఆమె ఒక్కరి పేరునే ఇవ్వాలి. ఇది సాగుభూమి పట్టాకు బాగా పనిచేస్తుంది. మేత హక్కు సామూహికం కనుక ఆ పత్రం సమూహం పేరున వస్తుంది, అందులో ఇంటింటి భార్యాభర్తల పేర్లు ఉండవు. అందుకని ఆడవాళ్ల స్థానాన్ని పత్రం వచ్చాక వెతకడం కాక, దరఖాస్తు తయారయ్యే దశలోనే నిలబెట్టుకోవాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు, అందులో కనీసం మూడోవంతు మహిళలు. గ్రామసభ కోరం సగం మంది, హాజరైనవారిలో కనీసం మూడోవంతు మహిళలు ఉండాలి. ఈ లెక్క తప్పితే తీర్మానమే చెల్లదు. సంతకాలు పెట్టించుకోవడానికి ఇంటికి పుస్తకం పంపే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, దాన్ని మీరు ఒప్పుకోకండి. ఆడవాళ్లు వచ్చి కూర్చుని మాట్లాడాలి.

మాట్లాడడానికి వాళ్ల దగ్గర చాలా ఉంది. వలసలో మందల వెంట వెళ్లిన మా పెద్దమ్మను దారి గురించి అడిగితే, ఆమె ఊళ్ల పేర్లు కాదు, నీళ్ల పేర్లు చెబుతుంది. ఈ వాగులో ఫలానా మలుపు దగ్గర చెలమ తవ్వితే నీళ్లు పడతాయని, ఆ గుట్ట కింది దొనలో సంక్రాంతి వరకు నీళ్లు నిలుస్తాయని, ఫలానా తోపులో పొయ్యి పెట్టుకునేవాళ్లమని చెబుతుంది. పశువులకు నీరు దొరికే చోట్లు, సంప్రదాయ మేత స్థలాలు సామూహిక హక్కుకు సాక్ష్యాలని 13వ నియమంలోనే ఉంది. దారి పటం గీసేటప్పుడు మగవాళ్లు చెప్పేది ఒక కాగితం మీద, ఆడవాళ్లు చెప్పేది ఇంకొక కాగితం మీద గీయించి, తరువాత రెండూ కలపండి. విడిగా అడగకపోతే మామగారి ముందు కోడలు నోరు తెరవదు.

మీ వదినగారి సభ్యత్వం గురించి మాత్రం దరఖాస్తుల దాకా ఆగకండి. భర్త మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ జతచేసి, సంఘం సర్వసభ్య సమావేశంలో ఆమె పేరున మార్చమని రాతపూర్వకంగా అడిగించండి. మరిదిగా మీరు పక్కన నిలబడండి, కానీ అర్జీ ఆమె పేరునే, ఆమె సంతకంతోనే ఉండాలి. పశువైద్యశాలలో టీకాలు వేయించినప్పుడు కూడా మంద ఆమె పేరున రాయించండి. రేపు బీమా పరిహారానికైనా, రుణానికైనా ఆ చిన్న నమోదులే ఆధారం.

హక్కు మనిషితో పాటు కదలలేదని ఎవరైనా అంటే నేను రేషన్ కార్డును చూపిస్తాను. ఏ ఊళ్లో ఉన్నా బియ్యం తీసుకునే ఏర్పాటు 2019 ఆగస్టులో రాష్ట్రాల మధ్య మొదలైనప్పుడు, తొలి జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. మంద వెంట వెళ్లే ఆడవాళ్లకు అది ఎంత అండ అయిందో చెప్పలేను. బియ్యం హక్కు కదలగలిగితే మేత హక్కు ఎందుకు కదలదు?

అడిగినవారి మాట: పాలమూరు కాపరి

అందరికీ నమస్కారం. అక్కా, మీరు చెప్పినట్లు వదిన చేత అర్జీ రాయిస్తున్నాము. ఇంకొక్క సందేహం. అడవి అంచు ఊళ్లలో కొందరు, 'ఒకసారి హక్కు ఇస్తే బయటి మందలన్నీ ఇక్కడే పడతాయి, మా పశువులకు గడ్డి మిగలదు' అంటున్నారు. అడవిలోని చెంచు పెంటల (చెంచుల గూడేల) వాళ్లకూ ఆ భయం ఉంది. ఇది తప్పు భయం అని నేను అనలేకపోతున్నాను. మన ఊళ్లోనే కొందరు, ఈ గొడవంతా ఎందుకు, తలా ఇంత భూమి పట్టా చేయించుకుంటే చాలదా అని కూడా అంటున్నారు.

జవాబు: హక్కుపత్రం

వారి భయంలో న్యాయం ఉంది. చెంచులు నల్లమలలో మనకంటే ముందునుంచీ ఉన్నవారు, ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహంగా వారికి సెక్షన్ 3(1)(ఇ) కింద ఆవాస హక్కు వేరుగా ఉంది. మీ దరఖాస్తు దానితో పోటీపడేలా ఉండకూడదు. ఎన్ని మందలు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ చెలమ ఎవరికి వదిలిపెట్టాలి, తేనె, గడ్డలు దొరికే ఏ చోట్లకు మంద పోకూడదు అన్నవి ముందుగా పెంట పెద్దలతో, పెంట ఆడవాళ్లతో కూర్చుని ఒప్పుకుని, ఆ ఒప్పందాన్నే దరఖాస్తుకు జతచేయండి. హద్దులు మీరే రాసుకుని వెళ్తే గ్రామసభ వినే తీరు వేరుగా ఉంటుంది. చట్టం 5వ సెక్షన్ హక్కుదారులకు అడవిని, జీవజాలాన్ని, నీటి వనరులను కాపాడే అధికారం కూడా ఇచ్చిందని మరవకండి.

జవాబు: కచ్ వలస

నేను ఉద్యోగరీత్యా గుజరాత్‌లో ఉంటున్న తెలుగువాడిని. తలా ఇంత పట్టా అన్న మాటకు ఇక్కడి బన్నీ గడ్డిభూమి మంచి సమాధానం. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల ఆ బీడును 1955లోనే రక్షిత అడవిగా ప్రకటించారు, కానీ అక్కడ తరతరాలుగా పశువులను మేపుతున్న మాల్ధారీల హక్కులు తేలలేదు. వాళ్ల గేదెలు రాత్రిపూట తమంతట తాము మేతకు పోయి తెల్లవారేసరికి పాలు ఇవ్వడానికి తిరిగి వస్తాయి. అలా తిరగాలంటే మధ్యలో కంచె ఉండకూడదు. అందుకే వాళ్లు విడివిడి పట్టాలు కోరలేదు. 2008లో పశుపోషకుల సంఘం పెట్టుకుని, బన్నీ గేదెకు 2010లో ప్రత్యేక జాతిగా గుర్తింపు తెచ్చుకుని, అటవీ హక్కుల చట్టం కింద మొత్తం బీడు మీద సామూహిక హక్కు అడిగారు. కొందరు సొంత సాగుకు కంచెలు వేసి ఆక్రమిస్తుంటే 2018లో హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఆక్రమణలు తొలగించాలని 2021లో ఉత్తర్వు వచ్చింది. మనం సర్కారు తుమ్మ అనే చెట్టు అక్కడా బీడును మింగేస్తోంది, ఆ పోరాటం ఇంకా మిగిలే ఉంది.

పట్టాగా పంచుకున్న భూమి ఒకరి అప్పుకో పెళ్లి ఖర్చుకో అమ్ముడైపోతే, దాని మీదుగా పోయే అందరి మందలూ ఆగిపోతాయి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చే హక్కు వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. భూమి రికార్డుల్లో ఎన్నడూ పేరు లేని ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అమ్మకం నిర్ణయం ఎప్పుడూ వాళ్లను అడిగి జరగదు. నల్లమలలో అమ్రాబాద్ వైపు పెంచే పొడ తూర్పు ఎద్దులకూ జాతి గుర్తింపు వచ్చింది. ఆ పశుపోషకులనూ మీ దరఖాస్తులో కలుపుకోండి. ఐక్యరాజ్యసమితి 2026ను బీడుభూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కనుక, కలెక్టరుకు రాసే వినతిలో ఆ సంగతి కూడా ఒక వాక్యం రాయండి.

అడిగినవారి మాట: పాలమూరు కాపరి

ముందుగా పెంటలకు పోయి మాట్లాడుతాము, వదినా మరికొందరు ఆడవాళ్లూ వస్తామన్నారు. దారి పటం గీయడం ఈ ఆదివారం మొదలుపెడుతున్నాము. కొల్లాపూర్, అచ్చంపేట, ఆత్మకూరు వైపు అడవి అంచు ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఊళ్లో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో, ఉంటే అందులో మహిళలు ఎందరో దయచేసి ఇక్కడ రాయండి. మా వినతిలో ఊళ్ల పట్టిక దాన్ని బట్టే తయారుచేయాలి.